నా మాట నెగ్గిన రోజున నా పక్కన ఎవరూ లేరు

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 23 ఏళ్లుగా ఆర్థికశాస్త్రం బోధిస్తున్నాను. రాజకీయంగా సంప్రదాయవాదిని. మా విభాగంలో అలాంటివాడిని నేనొక్కడినే. ఉద్యోగానికి వచ్చేవారిని ‘వైవిధ్యం కోసం, అంటే అన్ని జాతుల, వర్గాల వారికీ చోటు దక్కేలా, మీరేం చేస్తారో రాసివ్వండి’ అని అడగడం తప్పని 2021లో అన్నాను. నన్ను నియామకాల కమిటీ నుంచి తప్పించారు. అప్పటి నుంచి భోజనాల దగ్గర కూడా నోరు విప్పడం లేదు. ఇప్పుడు దేశంలో ప్రభుత్వంతో పాటు గాలీ మారింది. 2025 ఏప్రిల్‌లో ఎదురుగది సోషియాలజీ ప్రొఫెసర్‌కు ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చిన పరిశోధన నిధి రద్దయింది. ఆ వారం సమావేశంలో ‘ఇలా అవుతుందని నేనెప్పుడో చెప్పాను’ అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయారు. 2020లో విమానాలు లేక మా అమ్మ అంత్యక్రియలకు రాలేకపోయినప్పుడు, మా ఇంటి మెట్ల మీద అర్ధరాత్రి దాకా నాతో కూర్చున్నది ఆయనే. అలాంటి పరిశోధన నిధుల మీదే ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేస్తున్న మా అమ్మాయి ‘నువ్వు కోరుకున్నది ఇదే కదా నాన్నా’ అని ఫోను పెట్టేసింది. మళ్లీ చేయలేదు. ఈలోగా బయటి సంస్థ ఒకటి నా సహోద్యోగులు తరగతిలో ఏం చెబుతున్నారో పేర్లతో సహా రాసి పంపమంటోంది. ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపోదామని నా భార్య అంటోంది. నాకేమీ తోచడం లేదు.

జవాబు: ప్రొఫెసర్ గారూ, ముందు ఆ పేర్ల సంగతి. పంపకండి. ఆలోచిస్తానని కూడా అనకండి. వీలు కాదని ఒక్క వాక్యం రాసి ఊరుకోండి.

మీలాంటివారే ఒకరి కథ చెబుతాను. 1949లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన అధ్యాపకులందరినీ, తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణపత్రం మీద సంతకం చేయమంది. ఆ విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో మధ్యయుగ చరిత్ర చెప్పే ఎర్న్‌స్ట్ కాంటరోవిచ్ సంతకం చేయలేదు. ఆయన కమ్యూనిస్టు కారు సరికదా, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలో వామపక్ష తిరుగుబాట్లకు ఎదురు నిలిచి తుపాకీ పట్టినవారు. యూదుడు కావడం వల్ల నాజీల కాలంలో ఆ దేశం వదిలి రావలసి వచ్చింది. ఆ ప్రమాణం తన విరోధుల మీదికే వస్తోందని ఆయనకు తెలుసు. అయినా అధ్యాపకుడి అంతరాత్మను పాలకులు తనిఖీ చేయకూడదన్నారు. బర్కిలీ వదులుకుని ప్రిన్స్‌టన్ వెళ్లిపోయారు. 1952లో కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానం, సంతకం చేయనందుకు తొలగించినవారిని తిరిగి తీసుకోవాలని తీర్పు చెప్పింది. సంప్రదాయవాది అంటే నాకు ఆయనే గుర్తుకొస్తారు.

మీ బాధ నిజమైనదే. 2024 మే నెలలో ఎంఐటీ, జూన్‌లో హార్వర్డ్‌లోని అతి పెద్ద అధ్యాపక విభాగం ఆ వైవిధ్య పత్రాలు అడగడం మానేశాయి. మీరు మూడేళ్ల ముందు అన్న మాటే కదా అది! ఆ రోజున మీ విభాగంలో ఒక్కరైనా మీ గదికి వచ్చి ‘ఆనాడు మీ మాట వినవలసింది’ అని ఉంటే, ఆ సమావేశంలో మీ నోట ఆ వాక్యం వచ్చేది కాదేమో. ఎవరూ రాలేదు. ఆ లోటు మీలో పేరుకుపోయింది. చివరికి అది పడింది మాత్రం మీకు ఏ కీడూ చేయని మనిషి మీద.

ఇక్కడ మీతో కొంచెం కఠినంగా మాట్లాడాలి. 2021లో మీరు కాదన్నది దేనిని? అభ్యర్థి చదువును కాక అభిప్రాయాన్ని తూచి ఉద్యోగం ఇవ్వడాన్ని. తోటి పరిశోధకులు పరిశీలించి, యోగ్యమని తేల్చి ఇచ్చిన నిధిని, అంశం నచ్చలేదని మధ్యలో ఆపేస్తే అది అదే తప్పు కాదా? ఆనాటి మీ కొలతతోనే దీన్నీ కొలవండి. ప్రభుత్వం చేసే ప్రతిదాన్నీ మీరు తిట్టనక్కరలేదు, మీ ఓటుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. కానీ ఆ నిధి మీద ఎంతమంది విద్యార్థుల జీతాలు నడుస్తున్నాయో ఆర్థికశాస్త్రం చెప్పే మీకు తెలియనిది కాదు.

మెట్ల మీద కూర్చున్న ఆ రాత్రి ఆయన మీతో ఏం మాట్లాడారో గుర్తు తెచ్చుకోండి. బహుశా పెద్దగా ఏమీ మాట్లాడి ఉండరు. ఇప్పుడు మీరు వెళ్లవలసింది అలాగే. ఈమెయిలు వద్దు. తలుపు తట్టి, ‘ఆ రోజు నేనన్న మాట తప్పు, మీకు జరిగింది అన్యాయం’ అనండి. ‘కానీ’ అనే మాటతో రెండో వాక్యం మొదలుపెట్టకండి. 2021 గురించి ఆయనతో చెప్పుకోవలసింది మీకు చాలా ఉంది. దానికి మరో రోజు ఉంటుంది. ఆయన తలుపు తీయకపోతే నెల ఆగి మళ్లీ వెళ్లండి.

మీ అమ్మాయి అన్న మాటను మీరు రాజకీయ వాదంగా తీసుకున్నట్టున్నారు. నాకలా వినిపించలేదు. ‘నా కష్టం చూస్తే నీకు సంతోషమా నాన్నా?’ అని అడిగింది ఆ పిల్ల. దానికి జవాబు ‘కాదు’ అన్న ఒక్క మాటే. అది ఆమె చెవిన పడాలి. ఆమె ఫోను కోసం ఎదురుచూడకుండా మీరే చేయండి. ల్యాబ్ ఎలా ఉంది, జీతం ఎప్పటి వరకు వస్తుంది, అద్దెకు ఇబ్బంది ఉందా అని అడగండి. ఆమె కోసం మీ అభిప్రాయాలు మార్చుకున్నట్టు నటించకండి. పిల్లలు ఇట్టే కనిపెడతారు. తర్వాత ఎప్పుడైనా తనే అడిగితే, మీరు ఏది నమ్ముతారో, ఎక్కడ ఆగుతారో నిజం చెప్పండి.

నాలుగేళ్ల మౌనం మీకు మంచి చేయలేదు. మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టండి. అమెరికా అధ్యాపకుల సంఘం 1940లో ఆమోదించిన ప్రకటనలో, ప్రొఫెసర్ పౌరుడిగా స్వేచ్ఛగా మాట్లాడవచ్చని ఉంది. మాటలో నిజం ఉండాలి, నిగ్రహం ఉండాలి, ఎదుటివారి అభిప్రాయాన్ని గౌరవించాలి, సంస్థ తరఫున మాట్లాడుతున్నట్టు కనిపించకూడదు అని కూడా ఉంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సంప్రదాయవాది రాబర్ట్ జార్జ్, వామపక్షీయుడు కార్నెల్ వెస్ట్ కలిసి ఒకే తరగతికి పాఠం చెప్పారు. ఎదురుగది తలుపు తెరుచుకున్నాక, ఏడాదికో రెండేళ్లకో, మీరిద్దరూ ఆ పని చేస్తే చూడాలని నాకు ఆశ.

రాజీనామా ఇప్పుడు వద్దు. అలిగి వదిలిన ఉద్యోగం హైదరాబాద్‌లో కూడా మీ వెంటే ఉంటుంది, పైగా అమ్మాయి అమెరికాలోనే ఉండిపోతుంది. అయితే మీ భార్య మాటను కొట్టిపారేయకండి. ఆవిడ అడుగుతున్నది హైదరాబాద్ కాకపోవచ్చు. మీ మౌనాన్ని మీతోపాటు ఆ ఇంట్లో మోసింది ఆవిడే. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఈ నాలుగేళ్లలో తనకు ఏది భారమైందో అడగండి. ఆవిడ చెప్పడం పూర్తయ్యే దాకా మీరేమీ మాట్లాడకండి.