కొత్త థర్మోస్టాట్ బిగించాక గది మరింత వేడెక్కుతోంది, ఎందుకు?

ప్రశ్న: అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక పాత పాఠశాల భవనం నిర్వహణ చూస్తున్నాను. ఏసీ, హీటింగ్ నియంత్రణ అంతా కంప్రెసర్ గాలితో నడుస్తుంది. పాడైన రెండు థర్మోస్టాట్లు తీసి, చూడటానికి అచ్చం అలాగే ఉన్నవి కొని బిగించాం. ఇప్పుడు ఆ గదుల్లో చల్లదనం కోసం సెట్టింగ్ తగ్గిస్తే వేడి పెరుగుతోంది. ఇదంతా పీకేసి ఇంటర్నెట్‌తో నడిచే కంట్రోల్స్ పెట్టుకొమ్మని కాంట్రాక్టర్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రెండు థర్మోస్టాట్లను వెనక్కి ఇచ్చి సరైనవి తెచ్చుకోండి. అమెరికాలో పాత బడులు, ఆస్పత్రులు చూసుకునే మనవాళ్ల నుంచి ఈ ఫిర్యాదు పదేపదే వస్తోంది, దాదాపు ప్రతిసారీ కారణం ఒక్కటే. వేడి పెరిగితే డ్యాంపర్‌కు, అంటే డక్ట్‌లో గాలిని ఆపే, వదిలే రెక్కకు, వెళ్లే కంప్రెసర్ గాలి పీడనాన్ని పెంచేది డైరెక్ట్ యాక్టింగ్ రకం, తగ్గించేది రివర్స్ యాక్టింగ్ రకం. మీ చల్లగాలి డ్యాంపర్ పీడనం లేనప్పుడు మూసుకుని ఉండే రకం అయి ఉంటుంది. దానికి రివర్స్ యాక్టింగ్ థర్మోస్టాట్ తగిలిస్తే, గది వేడెక్కే కొద్దీ పీడనం పడిపోయి డ్యాంపర్ మరింత మూసుకుంటుంది. థర్మోస్టాట్ నుంచి డ్యాంపర్‌కు వెళ్లే గొట్టానికి ఒక గేజ్ తగిలించి సెట్టింగ్ తగ్గించి చూడండి. ముల్లు పైకి కదిలితే డైరెక్ట్, కిందికి కదిలితే రివర్స్. రెండు నిమిషాల్లో తేలిపోయే ఈ సంగతి కోసం మొత్తం వ్యవస్థను మార్చమనడం నాకు సమంజసంగా తోచలేదు.

ఇలాంటి పరికరాల తయారీదారుల మీద కూడా నాకు కోపమే. పరస్పర విరుద్ధంగా పనిచేసే రెండింటికి ఒకే రంగు, ఒకే ఆకారం తొడుగు వేసి, తేడా తెలిపే రెండక్షరాలను (డైరెక్ట్‌కు డీఏ, రివర్స్‌కు ఆర్ఏ) లోపలెక్కడో చిన్నగా చెక్కితే పొరపాటు జరగక ఏమవుతుంది? ఆ అక్షరాలతో పాటు గొట్టం ఒకటా రెండా అన్నదీ చూసుకోండి. ఒకే గొట్టంతో పనిచేసే థర్మోస్టాట్‌కు ముందు గాలిని సన్నగా వదిలే రిస్ట్రిక్టర్ తప్పనిసరి. అది లేకుండా బిగిస్తే గాలి ఊరికే పోతూ కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కొన్ని భవనాల్లో పగటికీ రాత్రికీ, లేదా వేసవికీ చలికాలానికీ ప్రధాన గాలి పీడనాన్ని మార్చి థర్మోస్టాట్ పని తీరునే మారుస్తారు. అక్కడ మామూలు థర్మోస్టాట్ పెడితే సగం ఏడాది బాగా పనిచేసి మిగతా సగం ఏడిపిస్తుంది.

డ్యాంపర్‌ను కదిపే యాక్చుయేటర్ విషయంలో స్ప్రింగ్ రేంజ్, అంటే ఏ పీడనం దగ్గర కదలడం మొదలై ఏ పీడనం దగ్గర పూర్తవుతుందన్నది, మరింత ముఖ్యం. నియంత్రణ పీడనం సాధారణంగా 3 నుంచి 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య ఉంటుంది. హీటింగ్ వాల్వ్ 3 నుంచి 7 లోపు పూర్తిగా మూసుకుని, చల్లగాలి డ్యాంపర్ 8 నుంచి 13 మధ్య తెరుచుకుంటే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడవు. డ్యాంపర్‌కు కూడా 3-7 స్ప్రింగ్ ఉన్న యాక్చుయేటర్ తెచ్చి బిగిస్తే, 5 పీఎస్ఐ దగ్గర వేడినీరూ చల్లగాలీ రెండూ సగం సగం నడుస్తాయి. గదిలో కూర్చున్నవారికి తేడా తెలియదు, బిల్లు కట్టేవారికి తెలుస్తుంది. డ్యాంపర్ పెద్దదైనా, అంచులకు రబ్బరు సీళ్లున్నా ఎక్కువ బలం కావాలి కనుక విస్తీర్ణం కొలిచి యాక్చుయేటర్ ఎంచుకోవాలి.

ఇక కాంట్రాక్టర్ సలహా. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. భవన నియంత్రణ పరికరాలు ఎక్కువగా మాట్లాడుకునే బ్యాక్‌నెట్ ప్రమాణం 1995లో వచ్చింది. ఇప్పటికీ విరివిగా వాడుతున్న దాని పాత రూపంలో, ఆదేశం పంపుతున్నది ఎవరని అడిగే ఏర్పాటు లేదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఏ కంప్యూటరైనా డ్యాంపర్ తెరువు అంటే అది తెరుస్తుంది. గుర్తింపు, ఎన్‌క్రిప్షన్ ఉన్న సురక్షిత రూపం తర్వాత వచ్చినా, పాత పరికరాలు దాన్ని అర్థం చేసుకోలేవు. ఇంటి నుంచే చూసుకోవచ్చంటూ బ్యాక్‌నెట్ సంకేతాలు వచ్చిపోయే 47808 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ కూడా మార్చకుండా వెళ్లిపోయే కాంట్రాక్టర్లు ఉన్నారు. గడ్డకట్టే చలిలో ఎవరో ఆకతాయి మీ బయటిగాలి డ్యాంపర్‌ను పూర్తిగా తెరిచి ఉంచితే గాలిని వేడి చేసే, చల్లబరిచే నీటి గొట్టాల చుట్ట (కాయిల్) గడ్డకట్టి పగులుతుంది, తరగతి గదులు నీటిమయమవుతాయి. 2013లో టార్గెట్ దుకాణాల నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు దొంగిలించిన వారు లోపలికి వచ్చింది ఒక రిఫ్రిజిరేషన్, ఏసీ కాంట్రాక్టర్ లాగిన్‌తోనే. అక్కడ ఏసీ యంత్రాలను ఎవరూ హ్యాక్ చేయలేదు, బయటివారికి ఇచ్చిన తాళమే దొంగలకు దొరికింది.

కాబట్టి గదుల్లో గాలి థర్మోస్టాట్లను అలాగే ఉంచి, భవనానికి గాలిని సిద్ధం చేసి పంపే పెద్ద ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ల దగ్గర మాత్రం విద్యుత్ సంకేతాన్ని గాలి పీడనంగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్లు పెట్టించుకోండి. ఆ నెట్‌వర్క్‌ను పాఠశాల కంప్యూటర్ల నుంచి వేరు చేసి, దూరం నుంచి చూడాలంటే వీపీఎన్ అనే రక్షిత కనెక్షన్ ద్వారానే చూడండి. కాయిల్ గడ్డకట్టకముందే ఫ్యాన్‌ను ఆపే ఫ్రీజ్‌స్టాట్‌ను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకుండా నేరుగా వైరుతోనే ఉంచండి. ఎప్పుడైనా విద్యుత్ యాక్చుయేటర్లకు మారాల్సి వస్తే, బయటిగాలి డ్యాంపర్‌కు స్ప్రింగ్ రిటర్న్ ఉన్నదే, అంటే కరెంటు పోతే స్ప్రింగ్ బలంతో తానే మూసుకునేదే, కొనండి. చవకగా దొరికే స్ప్రింగ్ లేని రకం కరెంటు పోయినప్పుడు ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: పరవాడ ఫార్మా సిటీలోని మా యూనిట్‌లో ద్రావకాలు వాడే గది డక్ట్‌కు గాలితో నడిచే డ్యాంపర్ యాక్చుయేటర్ పెడుతున్నాం. ఇక ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి నిప్పు బయటి ఆవిర్లకు అంటకుండా ఆపే) పరికరాల అవసరం లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: సగమే నిజం. సిలిండర్‌లో విద్యుత్తు లేదు కనుక దాని నుంచి విద్యుత్ నిప్పురవ్వ రాదు. కానీ దానికి గాలిని వదిలే సొలినాయిడ్ వాల్వ్, డ్యాంపర్ స్థితిని తెలిపే లిమిట్ స్విచ్ విద్యుత్ పరికరాలే. ఆ గదిలో ఉంటే అవి ఆ జోన్‌కు, అంటే మండే ఆవిర్లు ఎంత తరచుగా ఉంటాయన్న దాన్నిబట్టి చేసిన ప్రమాద వర్గానికి, తగిన ధ్రువీకరణ ఉన్నవే కావాలి. వీలైతే సొలినాయిడ్‌ను ప్రమాద ప్రాంతం బయట పెట్టి, లోపలికి గాలి గొట్టం మాత్రమే తీసుకెళ్లండి. గొట్టం మరీ పొడవైతే డ్యాంపర్ మూసుకోవడం ఆలస్యమవుతుంది కనుక ఎన్ని సెకన్లు పడుతుందో బిగించిన రోజే కొలిచి రాసుకోండి. సముద్రం పక్కనున్న ఆ తేమలో కంప్రెసర్‌కు డ్రయర్ లేకపోతే గొట్టాల్లో నీరు చేరి వాల్వులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. యాక్చుయేటర్ కొనే ముందు డ్రయర్ కొనండి.