పిల్లలు, పెద్దవాళ్లతో ఔలీ: సంక్రాంతికా, ఎండాకాలంలోనా?

మీరు అడిగింది: ఎనిమిదేళ్ల బాబు, అరవై దాటిన అమ్మానాన్నలు, అందరూ కలిసి ఉత్తరాఖండ్‌లోని ఔలీ వెళ్లాలనుకుంటున్నారు, సంక్రాంతి సెలవుల్లో మంచిదా, ఎండాకాలం సెలవుల్లో మంచిదా అని. మేం హైదరాబాద్ నుంచి రెండు సార్లు వెళ్లాం. ఒకసారి ఫిబ్రవరి మొదటి వారంలో నేనూ, మా ఆవిడా, పాపా ముగ్గురమే. ఇంకోసారి జూన్‌లో అమ్మానాన్నలను కూడా తీసుకుని, బదరీ యాత్రతో కలిపి. నన్నడిగితే, బాబుకి మంచు మీద జారే స్కీయింగ్ నేర్పించాలంటే చలికాలం మీ ముగ్గురే వెళ్లండి, అమ్మానాన్నలు కూడా రావాలంటే మే చివర, జూన్ మొదట్లో వెళ్లండి. ఒకే ట్రిప్పులో రెండూ కుదరాలని చూస్తే ఎవరో ఒకరు ఇబ్బంది పడతారు, ఎక్కువగా పెద్దవాళ్లే.

సంక్రాంతి గురించి ముందే చెప్పేస్తా. సెలవులు ఉన్నాయి కదా అని చాలామంది అప్పుడే బుక్ చేసుకుంటారు, కానీ ఈమధ్య కొన్నేళ్లలో జనవరి సగానికి కూడా ఔలీలో మంచు సరిగా పడని సందర్భాలున్నాయి. 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ జరిగిన చోటే అది, అలాంటి చోట మంచు చాలక జాతీయ స్థాయి పోటీలే ఆగిపోయాయంటే చూడండి. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా కాస్త నమ్మకం ఎక్కువ. మేం పాపకి స్కూల్లో సెలవు పెట్టించి మరీ వెళ్లాం, టీచర్ కొంచెం కోప్పడ్డారు, అయినా మంచి పనే చేశామని ఇప్పటికీ అనుకుంటున్నా.

ఇక దారి. రిషికేశ్ నుంచి ఔలీ కింద ఉన్న ఊరు జోషీమఠ్‌కి 250 కిలోమీటర్లే అంటారు గానీ అంతా ఘాట్ రోడ్డే, దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ అన్నీ దాటుకుంటూ పోవాలి, పొద్దున ఆరింటికి బయల్దేరితే మేం చేరేసరికి చీకటి పడింది. పాపకి రెండు సార్లు వాంతులయ్యాయి. జోషీమఠ్ నుంచి పైకి వెళ్లే రోప్‌వే 2023 జనవరిలో ఊళ్లో భూమి కుంగినప్పుడు ఆపేశారు, మేం వెళ్లిన రెండు సార్లూ రోడ్డు మీదే పోవాల్సి వచ్చింది, దాదాపు 14 కిలోమీటర్లు. ఫిబ్రవరిలో ఆ 14 కిలోమీటర్లే మాకు అసలు టెన్షన్. మా టాక్సీ టైర్లకు గొలుసులు లేవు, సగం దారిలో మంచు మీద జారడం మొదలైంది, అక్కడే దిగి సామానంతా మోసుకుని లోకల్ జీపులోకి మారాం. మీరు మాత్రం రాత్రికి జోషీమఠ్‌లోనే పడుకుని, పొద్దున్నే గొలుసులున్న అక్కడి బండి మాట్లాడుకుని ఎక్కండి. జోషీమఠ్ ఆరు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది, ఔలీ పైభాగం పది వేల అడుగులు, కాబట్టి ఒక రాత్రి మధ్యలో ఆగడం ఒంటికి కూడా మంచిది.

స్కీయింగ్ పిల్లలకు కష్టమేమో అని భయపడకండి. పెద్ద వాలు మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది గానీ మొదటి రోజు మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లరు, కింద కొంచెం వాలుగా ఉన్న చోట నేర్పిస్తారు. మా పాపకి బూట్లు తొడగడానికే పావుగంట పట్టింది. చలి అని రెండు జతల సాక్సులు వేశాం, అది తప్పు, పాదం బిగుసుకుపోయి ఏడ్చేసింది. నేర్పించే ఆయన ఒక జత విప్పించి, మడమ బూటు వెనక్కి ఆనేలా కాలు నేలకేసి కొట్టించి, అప్పుడు క్లిప్పులు బిగించాడు. తర్వాత బూట్ల కింద బిగించే పొడవాటి పలకలు, అంటే స్కీలు, వాటి ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం నేర్పించాడు, పడాల్సి వస్తే పక్కకి పడమన్నాడు. మధ్యాహ్నానికల్లా ఇరవై అడుగులు తనంతట తనే జారి ఆగింది. ఆగి వెనక్కి తిరిగి మా వైపు చూసిన ఆ చూపు కోసం నేను ఇంకో పదిసార్లు ఆ ఘాట్ రోడ్డు ఎక్కుతాను.

గ్లవ్స్ విషయంలో మాత్రం పొరపాటు చేయకండి. ఇంటి దగ్గర కొన్న ఉన్ని గ్లవ్స్ గంటలో తడిసిపోయాయి, పాప వేళ్లు ఎర్రగా అయిపోతే నా జాకెట్ లోపల చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టాను. నీళ్లు లోపలికి దిగనివి రెండు జతలు కొనండి. ప్యాంటు, జాకెట్ అద్దెకు దొరుకుతాయి. పొద్దున గదిలో కుళాయిలో నీళ్లు గడ్డకట్టి రాలేదు, బకెట్‌తో వేడినీళ్లు తెచ్చి ఇచ్చారు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ అక్కడ ఉంటే ఏమయ్యేదో అనిపించింది.

జూన్‌లో అదే కొండ పచ్చగా ఉంటుంది, స్కీయింగ్ వాలు మీద మంచు చుక్క ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు, మంచంతా ఎదురుగా శిఖరాల మీదే. తీగకు వేలాడుతూ పైకి వెళ్లే కుర్చీ, అదే ఛెయిర్‌లిఫ్ట్, అందులో అమ్మ ఎక్కేటప్పుడు అక్కడి అబ్బాయి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. పైన తెల్లవారుజామున మబ్బు లేకపోతే 7,816 మీటర్ల నందాదేవి శిఖరం కనిపిస్తుంది, తొమ్మిది దాటితే మబ్బు కమ్మేస్తుంది, అందుకే ఒక రాత్రి పైనే ఉండండి. డ్రైవర్ ద్రోణగిరి చూపించి, సంజీవని కోసం హనుమంతుడు పెకలించింది ఆ కొండనే అని, ఆ కోపంతో కింది ఊరివాళ్లు ఇప్పటికీ హనుమంతుణ్ణి పూజించరని చెప్పాడు. మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని లక్ష్మణుడు మూర్ఛపోయిన దగ్గర నుంచి కథంతా చెప్పాడు. ఆయన చిన్నప్పటి నుంచి వింటున్న కొండ కళ్లెదురుగా ఉంది మరి.

జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి వదలొద్దు, మా వాళ్లకి యాదగిరిగుట్ట తర్వాత అంత నచ్చిన గుడి అదే. బదరీనాథ్ అక్కడి నుంచి సుమారు 45 కిలోమీటర్లు, దానికి ముందే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మన స్కూళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి మే చివర బయల్దేరి జూన్ మొదటి వారానికల్లా వెనక్కి వచ్చేలా చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగి రోడ్డు ఆగిపోతుంది, పెద్దవాళ్లతో ఆ నెలల్లో అసలు వద్దు. బీపీ మాత్రలు నాలుగు రోజులకు అదనంగా పెట్టుకోండి, డాక్టర్‌ని ఒకసారి అడిగి వెళ్లండి. తిండికి రాజ్మా, అన్నం, ఆలూ పరాఠా దొరుకుతాయి, మా నాన్నకి రెండో రోజుకే విసుగొచ్చింది, కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లడం మర్చిపోకండి.