తొలి అవధానానికి సిద్ధమవుతున్న మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి వైష్ణవికి మామయ్య ఆశీస్సులు.

అన్నమాచార్య కళామందిరంలో నీ తొలి అష్టావధానానికి రోజు ఖాయమైందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. మన ఇంటి ఆడపిల్ల ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య కూర్చుని పద్యం చెప్పబోతున్నదన్న గర్వం ఒకవైపు, నీ తొందర ఎరిగినవాణ్ణి కనుక కలిగే దిగులు మరొకవైపు. ఇన్నేళ్ళు పృచ్ఛకుల వరుసలో కూర్చుని చూసినది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఛందస్సు నీకు వచ్చు. పదసంపద ఉంది. ముందురోజు కంటినిండా నిద్రపో, సభకు ముందు తేలికగా తిను, గోరువెచ్చని నీళ్ళు దగ్గర పెట్టుకో. వీటి గురించి ఇంతకంటే రాయను. నేను రాయదలచుకున్నది వేగం గురించి.

చిన్నప్పుడు నువ్వు పదమూడో ఎక్కం ఒక్క గుక్కలో అప్పజెప్పేదానివి. మధ్యలో ఆపి "పదమూడు ఎనిమిదులు ఎంత?" అని అడిగితే మాత్రం దిక్కులు చూసి, మళ్ళీ మొదటి నుంచి అందుకుని, తొంభై ఒకటి దాటాక గాని నూటనాలుగు చెప్పలేకపోయేదానివి. లయ సాగినంతసేపే నీకు లెక్క తెలుసు. అవధానంలో ఆ లయను తెంచడానికే సంబంధం లేని మాటలతో మధ్యలో అడ్డుపడే అప్రస్తుత ప్రసంగి ఒకరు నీ పక్కన కూర్చుంటారు. అందుకే ఏ పద్యాన్నైనా రెండో పాదం నుంచి, మూడో పాదంలో మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన యతిస్థానం నుంచి, ఎక్కడ అడిగితే అక్కడి నుంచి అందుకునేలా సాధన చెయ్యి. తిరుమల ధర్మగిరి వేద పాఠశాలలో పిల్లలు క్రమపాఠం చెప్పడం నువ్వు విన్నావు కదా. మొదటి పదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో కలుపుకుంటూ పోవడం వల్ల అక్కడ ప్రతి పదమూ ఒక ప్రవేశద్వారమే అవుతుంది. నీ పాదాల చివరి గణాన్ని, అంటే చివరి అక్షరాల గుంపును, తరువాతి పాదపు మొదటి గణంతో అలాగే జత చేసి వల్లించు.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఏళ్ళ క్రితం శ్రీకాళహస్తిలో నా మిత్రుడొకడు అవధానం చేశాడు, మధ్యమధ్య మోగే గంటలను అవధాని లెక్కపెట్టే ఘంటాగణనానికి గంట కొట్టినది నేనే. మొదటి ఆవృత్తిలో, అంటే పృచ్ఛకులందరి మొదటి చుట్టులో, పూరించమని ఇచ్చిన సమస్యకు అతడిచ్చిన పాదానికి సభ చప్పట్లతో మారుమోగింది. ఆ చప్పట్ల తరువాత అతని మాట వేగం పెరిగింది. పృచ్ఛకుడు అడగడం పూర్తి కాకముందే జవాబు వచ్చేది, ఆ జవాబులు బాగుండేవి కూడా, అందువల్ల వేగం ఇంకా పెరిగింది. వర్ణనలో స్వర్ణముఖి మీద ఉత్పలమాల అడిగితే "పావనమైన సీమకిది వాహిని" అని ఎత్తుకున్నాడు. నాలుగు ఆవృత్తులూ గడిచి, చెప్పిన పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పే ధారణకు వచ్చాక, అదే వేగంతో "పావనమైన సీమకిది నిమ్నగ" అన్నాడు.

తేడా చూడు తల్లీ. రెండు మాటలూ నదికే పేర్లు, రెండూ గురువు, లఘువు, లఘువు వరుసలో ఉన్న భగణాలే, నడక ఎక్కడా కుంటుపడలేదు. కాని ఉత్పలమాలకు పదో అక్షరం యతిస్థానం. మొదటి "పా"కు "వా"తో మైత్రి ఉంది, "ని"తో లేదు. ఒక్క క్షణం ఆగి ఉంటే అతని చెవే ఆ తప్పును పట్టుకునేది. పృచ్ఛకుడు మెల్లగా "వాహిని అన్నారు కదా స్వామీ" అన్నాడు. నా మిత్రుడు "లేదు, నిమ్నగ అనే అన్నాను" అని గట్టిగా పలికాడు. అబద్ధమాడలేదు, నిజంగానే అలా అన్నానని నమ్మాడు. పృచ్ఛకుడు రాసుకున్న కాగితాన్ని చూపుడువేలు ఆ మాట కింద ఉంచి ముందుకు జరిపాడు. దాన్ని చూసిన తరువాత నా మిత్రుడికి మిగిలిన పద్యాలలో తాను సరిగ్గా చెబుతున్న మాటల మీద కూడా నమ్మకం పోయింది. ఇచ్చిన మాటలు వచ్చేలా చెప్పిన దత్తపది పద్యం మూడో పాదం దగ్గర ఆగిపోయాడు. నేను కొట్టిన గంటల లెక్క సరిగ్గానే చెప్పాడు గాని, అది అడుగుతున్నట్టుగా చెప్పాడు. ఆ తరువాత అతడు మళ్ళీ అవధాన వేదిక ఎక్కలేదు. అంతటి ప్రతిభ అలా మూలపడిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

సులువుగా నోటికి వచ్చిన మాట నిజమైన మాటలాగే అనిపిస్తుంది. లయ కుదిరిన మాట అంతకంటే ఎక్కువగా అనిపిస్తుంది. పద్యాన్ని జ్ఞాపకం ఉంచేది లయే, తప్పును దాచిపెట్టేది కూడా ఆ లయే. కాబట్టి ధారణలో ప్రతి పాదాన్నీ యతి దగ్గర రెండుగా పట్టుకో. మన పద్యంలో యతి అంటే అక్షరమైత్రే గాని అక్కడ ఆగి తీరాలన్న నియమం లేదు. అయినా నీ మనసులో అక్కడ ఒక చిన్న నిలుపు ఉండాలి, మొదటి అక్షరాన్ని మళ్ళీ తలచుకుని మైత్రి సరిచూసుకునేంత నిలుపు. మనిషి సుమారు రెండు సెకన్లలో పలకగలిగినన్ని మాటలనే అప్పటికప్పుడు మనసులో నిలుపుకోగలడని 1975లో అలన్ బాడ్లీ, ఆయన సహచరులు ప్రయోగాలు చేసి చెప్పారు. ఉత్పలమాల పాదంలోని ఇరవై అక్షరాలను తొమ్మిదిగా, పదకొండుగా విడదీసుకుంటే మనసు మోయగలిగే బరువవుతుంది.

నిషిద్ధాక్షరిలో మాత్రం వేగం నీ చేతిలో ఉండదనిపిస్తుంది. నువ్వొక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు, ఆ వేగానికి నువ్వు కూడా లాగబడతావు. లాగబడకు. నిషేధం విన్నాక ఒక ఊపిరి పూర్తిగా వదిలి, అప్పటిదాకా వచ్చిన అక్షరాలను లోపల ఒకసారి చదువుకుని, అప్పుడే పలుకు. నీకు యుగంలా తోచే ఆ విరామం సభకు గాంభీర్యంగానే కనబడుతుంది. గంటల లెక్కను నోటికి అప్పగించకు, ఎందుకంటే లోపలి గొంతు పద్యానికే కావాలి. చేయి ఒళ్ళో ఉంచుకుని బొటనవేలిని కణుపు నుంచి కణుపుకు జరుపుకుంటూ పో.

చప్పట్లు వచ్చినప్పుడు నమస్కరించు, కొద్దిగా నీళ్ళు తాగు, తరువాతి పృచ్ఛకుడిని ప్రశ్న రెండోసారి చదవమని అడుగు. అర్థమైనా సరే, అడుగు. అన్నిటికంటే ఆ ఘట్టమే నన్ను భయపెడుతున్నది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కోపగించుకోకు.

ఈ ఆదివారం ఉదయం ఇంటికి రా. గంట నేను కొడతాను, అప్రస్తుత ప్రసంగం మీ అత్తయ్య చేస్తుంది, నిషిద్ధాక్షరికి పక్కింటి తెలుగు మాస్టారు వస్తానన్నారు. నాలుగు ఆవృత్తులూ పూర్తిగా చేసి, ధారణ అయ్యాకే భోజనం చేద్దాం.

ఆశీస్సులతో,
నీ మామయ్య