‘దేవుని చిత్తం తెలియడం లేదు’ అనే ముందు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: దేవుని చిత్తం, దానికి లోబడడం. ఒకే రకమైనవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఉద్యోగం మారాలా వద్దా అని ఆరు నెలలుగా ప్రార్థిస్తున్నాను. ఇద్దరు సేవకులను అడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. దేవుని చిత్తం ఖచ్చితంగా తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: హెబ్రీ భాషలో వినడానికి, లోబడడానికి ఒకటే మాట, ‘షమా’. ‘ఇశ్రాయేలూ వినుము’ (ద్వితీ 6:4) అన్నచోట ఉన్నది అదే. ఇది మనకు కొత్తేమీ కాదు. ‘మావాడు మాట వినడు’ అంటే వాడికి చెవుడని ఎవరూ అనుకోరు. కాబట్టి చిత్తం తెలుసుకోవడం ఇప్పటికే విన్నదాని దగ్గర మొదలవుతుంది, ఇంకా వినబడనిదాని దగ్గర కాదు.

ముందు ఒక కాగితం మీద మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. ‘నా భవిష్యత్తు గురించి’ అని రాస్తే జవాబు రాదు. ‘ఫలానా ఉద్యోగానికి ఈ నెలాఖరులోగా ఒప్పుకోవాలా?’ అని రాయండి. దాని కింద, ఈ విషయంలో వాక్యం ముందే తేల్చేసిన భాగాలను వేరు చేయండి. కొత్త ఉద్యోగంలో దొంగ లెక్కలు రాయాల్సి వస్తుందా? పాత యజమానికి ఇచ్చిన మాట తప్పుతున్నారా? తీర్చాల్సిన బాకీ ఎగ్గొట్టి వెళుతున్నారా? ఇలాంటివాటికి ప్రార్థించి జవాబు కనిపెట్టాల్సిన పనిలేదు, జవాబు రాసే ఉంది. ఇది తీసేశాక మిగిలిన భాగం చాలాసార్లు మీ స్వేచ్ఛకు వదిలినదే. విధవరాలి పునర్వివాహం గురించి పౌలు ఏమంటాడో చూడండి: తనకిష్టమైనవానిని చేసుకోవచ్చు, ‘ప్రభువునందు మాత్రమే’ (1 కొరింథీ 7:39). జీవితంలో అంత పెద్ద నిర్ణయానికి ఆయన గీసిన గీత ఒక్కటే. దాని లోపల ఎంపిక ఆమెదే.

తరువాతి పని కష్టమైనది. ‘వెళ్లు’, ‘వెళ్లొద్దు’ అని రెండు జవాబులూ విడివిడిగా రాసి, ఏది వస్తే నేను ఒప్పుకోలేను అని చూసుకోండి. ఆరు నెలల ప్రార్థన ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. యిర్మీయా 42లో యెరూషలేము పతనం తరువాత మిగిలినవాళ్లు ప్రవక్త దగ్గరకు వస్తారు. మేలైనా కీడైనా దేవుడు చెప్పినట్టే చేస్తామని ప్రమాణం చేస్తారు. పది రోజులకు జవాబు వస్తుంది: ఐగుప్తుకు వెళ్లవద్దు, ఈ దేశంలోనే ఉండండి. వెంటనే ‘నువ్వు అబద్ధమాడుతున్నావు’ అంటారు (43:2). ఎందుకన్నారో ముందు అధ్యాయం చివర ఉంది. ఐగుప్తుకు పోవాలని వాళ్లు అప్పటికే బయలుదేరి బేత్లెహేము దగ్గర దిగి ఉన్నారు (41:17). సామాను సర్దుకున్నాక అడిగింది దారి తెలుసుకోవడానికి కాదు, ఆమోదముద్ర కోసం. అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ (1805–1898) దేవుని నడిపింపు కోసం పాటించిన క్రమంలో మొదటి మెట్టు కూడా ఇదే: ఆ విషయంలో తన సొంత ఇష్టం ఏదీ లేని స్థితికి మనసును తెచ్చుకోవడం. కష్టంలో అధిక భాగం అక్కడే తీరిపోతుందని ఆయన అనుభవం. వాక్యం, పరిస్థితులు, ప్రార్థన ఆ తరువాత మెట్లు.

సలహాకు ఇద్దరు ముగ్గురు చాలు. అందులో కనీసం ఒకరు మీ నిర్ణయం వల్ల లాభం గానీ నష్టం గానీ లేనివారై ఉండాలి. ఆ ఉద్యోగం సంగతులు తెలిసినవారు ఒకరుండాలి. సేవకులిద్దరూ రెండు రకాలుగా చెప్పారంటే బహుశా ఇద్దరికీ మీరు చెప్పిన వివరాలే వేరు కావచ్చు. అందరికీ అదే కాగితం చూపించండి.

ఆపైన ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజుకు ప్రత్యేకమైన సూచన ఏదీ రాకపోతే, ఉన్న వివరాలతో నిర్ణయం తీసుకోండి. ఇది అవిశ్వాసం కాదు. రోమా 12:2లో దేవుని చిత్తాన్ని ‘పరీక్షించి తెలిసికొనేది’ నూతనమైన మనస్సే. అపొస్తలుల కార్యములు 16లో పౌలును, అతని తోటివారిని ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరిచాడు, బితూనియకు వెళ్లనివ్వలేదు, ఆ తరువాత మాసిదోనియ దర్శనం వచ్చింది. దర్శనం వచ్చాక కూడా వాళ్లు దాన్ని ఆలోచించి ‘నిశ్చయించుకున్నారు’ (16:10). నిర్ణయమయ్యాక భయం వేసిందని మళ్లీ తెరవకండి. కొత్త సమాచారం వస్తేనే తెరవండి. మనసు బాగా కుంగి ఉన్నప్పుడు, ప్రశాంతంగా ఉండి తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దని 16వ శతాబ్దంలో జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా చెప్పిన నియమం ఇప్పటికీ పనికొస్తుంది.

‘మనసులో సమాధానం ఉంది కాబట్టి ఇదే చిత్తం’ అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. మన భాషలో సమాధానం అంటే శాంతి, జవాబు రెండూ కావడం వల్ల ఈ పొరపాటు మనకు ఇంకా సులువు. యోనా దేవుని నుంచి పారిపోతూ, తుఫానులో ఓడ అడుగున హాయిగా నిద్రపోయాడు (యోనా 1:5).

ప్రశ్న: కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పెట్టిన వచనాన్ని దేవుని జవాబుగా తీసుకోవచ్చా? గిద్యోను గొర్రెబొచ్చు పరచి, మంచు దాని మీదే పడితే దేవుని సూచన అనుకుంటానని అడిగాడు కదా!

జవాబు: తీసుకోవద్దు. అలా దొరికిన వచనం ఎవరికి, ఎప్పుడు, ఎందుకు చెప్పిందో చూడకుండా మన ప్రశ్నకు అతికించడమే జరుగుతుంది. నచ్చని వచనం వస్తే మళ్లీ తెరుస్తాం, అది అందరికీ తెలిసిందే. ఇక గిద్యోను. ‘నీవు సెలవిచ్చినట్లు’ నా చేత ఇశ్రాయేలీయులను రక్షించబోతున్నావో లేదో చూస్తానని అతడే అంటాడు (న్యాయా 6:36–37). అంటే దేవుడు చెప్పేశాడని అతనికి తెలుసు. ఆ బొచ్చు అడిగింది చిత్తం తెలియక కాదు, తెలిసినదాన్ని చేయడానికి భయపడి. దేవుడు ఓర్చుకున్నాడు. దాన్ని మనకు మాదిరిగా పెట్టలేదు.

ప్రశ్న: ఒకరిని క్షమించాలని వాక్యం చెబుతోంది. నాకు మనసు రావడం లేదు. మనసులో లేకుండా పైకి చేస్తే అది వేషధారణ కాదా? మనసు మారేదాకా ఆగడం మంచిది కాదా?

జవాబు: ఆగవద్దు. మత్తయి 21లో ఇద్దరు కుమారుల ఉపమానం చూడండి. ‘పోను’ అన్నవాడు తరువాత మనసు మార్చుకుని ద్రాక్షతోటకు వెళ్లాడు. ‘అయ్యా, పోదును’ అన్నవాడు వెళ్లలేదు. తండ్రి ఇష్టం చేసింది మొదటివాడే. ఇష్టం లేకపోవడం పాపమైతే, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థన మనకు అర్థం కాదు. ‘ఈ గిన్నె తొలగించు’ అని ప్రభువు మూడుసార్లు, అవే మాటలతో ప్రార్థించాడు (మత్తయి 26:44). తాను పొందిన శ్రమల వల్ల విధేయత నేర్చుకున్నాడని హెబ్రీ 5:8 చెబుతోంది. వేషధారణ అంటే లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం. ‘ప్రభువా, నాకు ఇష్టం లేదు, నువ్వు చెప్పావు కాబట్టి చేస్తున్నాను’ అనడం దానికి పూర్తిగా వ్యతిరేకం.

కానుకల విషయం వేరు. అక్కడ సణుగుతూ, బలవంతంగా ఇవ్వవద్దని పౌలే అన్నాడు (2 కొరింథీ 9:7). ఎంత ఇవ్వాలన్నది అక్కడ ఆజ్ఞ కాదు, ఎవరి హృదయంలో వారు నిశ్చయించుకోవాల్సింది. అయితే క్షమించడం ఆజ్ఞ.

దాన్ని చిన్న ముక్కలుగా చేసుకోండి. మొదటి ముక్క ఈ రోజే చేయగలిగేంత చిన్నదిగా ఉండాలి: వాళ్లు చేసిన అన్యాయం గురించి నాలుగో మనిషికి చెప్పడం ఆపండి. రెండోది, రోజూ ఒకసారి వాళ్ల పేరు పెట్టి వాళ్లకు మేలు కలగాలని ప్రార్థించండి. ‘వాళ్లకు బుద్ధి రావాలి’ అనేది లెక్కలోకి రాదు. మూడోది, ఎదురుపడితే తప్పించుకోకుండా పలకరించండి. వాళ్లు రావలసిన డబ్బు ఎగ్గొట్టి ఉంటే మళ్లీ అప్పివ్వాలని కాదు, క్షమాపణ వేరు, నమ్మకం వేరు. కోపం మధ్యలో తిరిగి వస్తుంది. వస్తే మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. అప్పటిదాకా చేసింది అబద్ధమని తేల్చేసుకోకండి.

మనసు లేకపోవడం కంటే ప్రమాదమైనది సగం లోబడడం, ఎందుకంటే అది బయటికి చాలా బాగా కనిపిస్తుంది. 1 సమూయేలు 15లో, పశువులతో సహా ఏమీ మిగల్చవద్దన్న ఆజ్ఞతో సౌలు రాజు యుద్ధానికి వెళ్లాడు, గెలిచాడు, చెప్పిన పనిలో అధిక భాగం చేశాడు. మంచి పశువులను మాత్రం మిగిల్చుకున్నాడు, పైగా అవి బలి కోసమే అన్నాడు. మూడు గుర్తులు చూడండి. గెలుపుకు తన పేరున స్మారకం నిలుపుకున్నాడు (15:12). తప్పును జనం మీదికి నెట్టాడు. సమూయేలుతో మాట్లాడుతూ ‘నీ దేవుడైన యెహోవా’ అన్నాడు, నా దేవుడు అనలేదు (15:15, 21). ఈ మూడూ మన మాటల్లో దొర్లుతున్నాయేమో వినాలి. మూడోది సాధారణంగా చివరన వస్తుంది.

ప్రశ్న: మా సంఘకాపరి మా ఇంటి విషయాల్లో కూడా నిర్ణయాలు చెబుతారు. ‘నాకు లోబడకపోతే దేవునికి లోబడనట్టే’ అంటారు. ఇంకో సహోదరికి ఇంట్లో భర్త కొడుతుంటే, ‘లోబడి సహించు’ అన్నారు. ఇదేనా విధేయత?

జవాబు: కాదు. రెండో విషయం ముందు చెప్పాలి, అది ఆగేది కాదు కాబట్టి. ఆ సహోదరి మొదట సురక్షితమైన చోటికి వెళ్లాలి, దెబ్బలకు వైద్యం చేయించుకుని కాగితాలు భద్రపరచుకోవాలి, పోలీసులకు చెప్పాలి. సంఘం చేయాల్సింది ఆమెతో పాటు వెళ్లడం. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకుని పారిపోయాడు (1 సమూ 19:10), ప్రాణం దక్కించుకోవడాన్ని వాక్యం తిరుగుబాటు అనలేదు. ‘లోబడియుండుడి’ అని ఎఫెసీ 5:22ను వల్లించేవారు 21వ వచనం నుంచి చదవాలి. ‘ఒకనికొకడు లోబడి’ అన్నది అక్కడుంది. అతి ప్రాచీన గ్రీకు ప్రతుల్లో 22లో అసలు ఆ క్రియ లేదు, 21 నుంచే తెచ్చుకుని చదవాలి. భర్తకు లోబడడానికి ఒక హద్దు కూడా ఉంది. సప్పీరా తన భర్త ఆడిన అబద్ధానికి వంత పాడింది, దానికి జవాబు ఆమే చెప్పాల్సి వచ్చింది (అపొ.కా. 5:8–9).

కాపరి విషయానికొస్తే, హెబ్రీ 13:17 ‘నాయకుల మాట వినుడి’ అంటుంది, నిజమే. అక్కడి గ్రీకు క్రియ మూలార్థం ఒప్పింపబడడం. అంటే వారు వాక్యంతో ఒప్పించాలి, మనం మొండికేయకుండా ఒప్పుకోవాలి. మందమీద ప్రభువులైనట్టు ఉండవద్దని పేతురు పెద్దలకే రాశాడు (1 పేతురు 5:3). ‘దేవుడు నాకు చెప్పాడు’ అని ఎవరైనా మీ విషయంలో అంటే 1 రాజులు 13 చదవండి. తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దు అని దేవుడు స్వయంగా చెప్పిన మాటను, ముసలి ప్రవక్త ‘దూత చెప్పాడు’ అనగానే ఆ దైవజనుడు పక్కన పెట్టాడు. ముసలివాడు చెప్పింది అబద్ధం. దారిలో సింహం చంపింది ఎవరిని? నమ్మినవాడిని.

కాబట్టి గౌరవంగానే అడగండి: ‘అయ్యగారూ, ఇది ఏ వాక్యాన్ని బట్టి?’ వాక్యం చూపిస్తే ఆలోచించి లోబడండి. వాక్యం లేని చోట అది సలహా, సలహాగానే తీసుకోండి. ఎవరికీ చెప్పవద్దని, వెంటనే చేయాలని, డబ్బు తెమ్మని, ఈ మూడింటిలో ఏదైనా కలిస్తే ఒంటరిగా జవాబు చెప్పకండి. సంఘపెద్దల ముందు మాట్లాడదామనండి.

ప్రశ్న: స్వస్థత కోసం ప్రార్థిస్తూ చివర ‘నీ చిత్తమే జరుగును గాక’ అంటే అది విశ్వాసం లేని ప్రార్థన అవుతుందా?

జవాబు: కాదు. గెత్సేమనేలో ఉన్నవి రెండు సగాలు. మొదటి సగం అడగడం, రెండోది అప్పగించడం. ఒక సగం వదిలేసేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. అడగకుండానే ‘నీ చిత్తం’ అనేస్తే అది నిరాశకు వేసిన భక్తి ముసుగు. పౌలు, ‘శరీరములో ముల్లు’ అని తాను చెప్పుకున్న బాధ గురించి మూడుసార్లు వేడుకున్నాడు, ‘నా కృప నీకు చాలును’ అనే జవాబు వచ్చాకే ఆపాడు (2 కొరింథీ 12:8–9). రోగి పేరు, రోగం పేరు, ఏం కావాలో స్పష్టంగా అడగండి. ఆ తరువాతే అప్పగించండి. మందులు ఆపవద్దు. కొలొస్సయి 4:14లో లూకాను ప్రియమైన వైద్యుడు అన్నాడు పౌలు, తిమోతి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో కూడా రాశాడు (1 తిమోతి 5:23).

ఇంకొక మాట. చావు ఇంట్లో కూర్చుని ‘ఇది దేవుని చిత్తం’ అని చెప్పకండి. రహస్యమైనవి దేవునివి, బయలుపరచబడినవి మనవి (ద్వితీ 29:29). కారణం మనకు తెలిసినట్టు మాట్లాడిన యోబు స్నేహితుల మీద దేవునికి కోపం వచ్చింది (యోబు 42:7). లాజరును బతికించబోతున్నానని తెలిసిన ప్రభువు కూడా అతని సమాధి దగ్గర ముందు ఏడ్చాడు.

ప్రశ్న: తెలిసి తెలిసి దేవుని మాట కాదని పదేళ్ల కింద ఒక నిర్ణయం తీసుకున్నాను. అందులో ఒకరికి నష్టం జరిగింది. ఇప్పుడు దేవుని చిత్తంలోకి తిరిగి రాగలనా?

జవాబు: రాగలరు. యోనాకు ‘రెండవమారు’ అదే మాట వచ్చింది (3:1). అయితే పదేళ్ల కిందటి కూడలికి తిరిగి వెళ్లే దారి లేదు, ఈ రోజు నిలబడిన చోటు నుంచే నడవాలి. తప్పుగా మొదలైన పెళ్లినో బాధ్యతనో ఇప్పుడు తెంచేసుకుంటే అది రెండో అవిధేయత అవుతుంది.

నష్టం సంగతి మాత్రం దేవునితో ఒప్పుకుని ఊరుకోవడానికి లేదు. సంఖ్యాకాండము 5:7 ప్రకారం ఒప్పుకుని, అసలుతో పాటు అయిదవ వంతు కలిపి ఇవ్వాలి. అన్యాయంగా తీసుకున్నదానికి పన్ను వసూలుదారు జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. మీరు అసలు ఎంతో లెక్క కట్టండి, ఒకేసారి కుదరకపోతే వాయిదాలు రాయండి. ఎదుటి మనిషితో ‘నేను ఫలానాది చేశాను, అది తప్పు, ఇది మీకు రావలసింది’ అనండి. ‘మీకు బాధ కలిగి ఉంటే’ అని మొదలుపెట్టకండి, అప్పటి పరిస్థితులు వివరించకండి. ఆ మనిషి లేకపోతే దగ్గరి బంధువుకు, బంధువూ లేకపోతే దేవుని పేరున యాజకునికి ఇవ్వాలని ఆ తరువాతి వచనంలోనే ఉంది. మీరు కనబడడమే ఆ మనిషికి గాయమయ్యే పరిస్థితి ఉంటే నేరుగా వెళ్లకండి, ఇద్దరూ నమ్మే పెద్ద మనిషి ద్వారా అడిగించి, వాళ్లు రమ్మంటేనే వెళ్లండి.