ఇంటర్నల్ మార్కుల పేరుతో వేధింపు: కాలేజీ మార్చాలా, ఫిర్యాదు చేయాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా పెద్దమ్మాయి ప్రైవేటు కాలేజీలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది, కాలేజీ బస్సులో వెళ్లొస్తుంది. ల్యాబ్ చూసే సారు ఒకాయన ఆగస్టు నుంచి రాత్రిపూట వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతున్నారు. ఇంటర్నల్స్ తన చేతిలో ఉన్నాయంటారు, బయట కలుద్దామంటారు. ఒకసారి ల్యాబ్‌లో భుజం మీద చెయ్యి వేశారట. బస్సులో కూడా వెనక సీట్లోకి వచ్చి కూర్చుంటున్నారట. చివరి మెసేజ్ అక్టోబరు 28న వచ్చింది. హెచ్‌వోడీ (విభాగాధిపతి) గారికి చెబితే, ‘కమిటీలో నేనే ఉన్నాను, మాట్లాడతాలెండి. కాగితం పెడితే అమ్మాయి పేరే పాడవుతుంది’ అన్నారు. పైగా ప్లేస్‌మెంట్ ఆఫీసులో, నైట్ షిఫ్టులని చెప్పి, ఒక కంపెనీకి ఆడపిల్లల పేర్లే తీసుకోలేదు. సంక్రాంతి వెళ్లాక కాలేజీ మార్చేద్దామంటారు మావారు. చదువు చాలు, సంబంధాలు చూడండంటుంది మా ఆడపడుచు. ఫిర్యాదు చేస్తే ప్లేస్‌మెంట్ పోతుందా? పిల్ల కొన్ని మెసేజ్‌లకు ‘గుడ్‌నైట్ సర్’ అని జవాబిచ్చింది, అది మాకే ఎదురు తిరుగుతుందా? ఐసీసీ, ర్యాగింగ్ కమిటీ, గ్రీవెన్స్ సెల్ అని ఏవేవో చెబుతున్నారు. ఎక్కడికి వెళ్లాలి?
— ఒక తల్లి, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, ముందు తేదీ సంగతి చూద్దాం. సంక్రాంతి వెళ్లాక అనుకుంటే గడువు మీద పడుతుంది. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. వరసగా జరుగుతూ వస్తే ఆఖరిదాని నుంచి లెక్క. మీ విషయంలో అది జనవరి 28. పండగకు కాలేజీ మూతపడి, మళ్లీ తెరిచి, ఫిర్యాదు తీసుకోవాల్సిన మేడమ్ గారు సెలవు నుంచి వచ్చేసరికి చేతిలో వారం కూడా మిగలదు. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. కానీ అది వాళ్లు ఒప్పుకుంటేనే. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఇక ఎక్కడికి అన్నది. మీరు వెళ్లాల్సింది ఐసీసీకి, అంటే కాలేజీలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల నుంచి ఇది మొదలైంది. (ఆ పేరు మన విశాఖపట్నానిది కాదు, రాజస్థాన్ ఘటన మీద కోర్టుకెళ్లిన ఒక సంస్థ పేరు. చాలామంది పొరబడుతుంటారు.) తర్వాత 2013లో పోష్ చట్టం వచ్చింది. పని చేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే చట్టం అది. విద్యార్థినులను కూడా కలుపుకుని, కాలేజీలు ఏం చేయాలో వివరంగా చెప్పినవి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2015 నిబంధనలు. టెక్నికల్ కాలేజీలకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) కూడా 2016లో విడిగా నిబంధనలు పెట్టింది. ర్యాగింగ్ కమిటీ తోటి విద్యార్థులు, సీనియర్లు పెట్టే హింసకు. గ్రీవెన్స్ సెల్ ఫీజులు, మార్కులు, హాజరు లాంటి గొడవలకు. మీ కాగితం ఆ రెంటిలో ఏ ఒక్కదాంట్లో పడినా అక్కడక్కడే తిరుగుతుంది, ఇక్కడ గడువు అయిపోతుంది.

హెచ్‌వోడీ గారు ‘కమిటీలో నేనే ఉన్నాను’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. యూజీసీ నిబంధనల ప్రకారం విభాగాధిపతులు, డీన్లు, రిజిస్ట్రార్ లాంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఐసీసీలో సభ్యులుగా ఉండకూడదు. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, బయటి నుంచి స్వచ్ఛంద సంస్థ తరఫున ఒకరు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన వ్యవహారమైతే ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడా కూర్చోవాలి. మొత్తంలో కనీసం సగం మంది ఆడవాళ్లు. కాబట్టి ఆయన చెప్పింది వేరే కమిటీ గురించైనా అయి ఉండాలి, లేదా అక్కడ కమిటీయే నిబంధనల ప్రకారం లేదన్నా అయి ఉండాలి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు నోటీసు బోర్డులోనో వెబ్‌సైట్‌లోనో పెట్టాలి. ముందు ఆ జాబితాను ఫోటో తీయించండి. జాబితాయే లేకపోతే, ‘ఐసీసీ సభ్యుల వివరాలు ఇవ్వండి’ అని ప్రిన్సిపాల్‌కు రెండు లైన్ల మెయిల్ పెట్టండి. కమిటీ వేయని యాజమాన్యానికి పోష్ చట్టం కింద 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ మెయిల్ వెళ్లాక కదలిక రావడం నేను చూశాను.

మీ అమ్మాయికి జరిగినదాంట్లో రెండు రకాలున్నాయి. మార్కులు చేతిలో ఉన్నాయని చెబుతూ బయటికి రమ్మనడం ఒకటి. చదువుకో ఉద్యోగానికో లాభం చూపించి, లేదా నష్టం చేస్తానని బెదిరించి లైంగికంగా లొంగదీయాలని చూడడం అన్నమాట. బెదిరింపు నోటితో చెప్పనక్కర్లేదు, మాట తీరులో ధ్వనించినా చాలు. రెండోది, పిల్ల ల్యాబ్‌కు వెళ్లడానికే భయపడేలా చేయడం. భుజం మీద చెయ్యి, బస్సులో వెనక సీటు ఇందులోకి వస్తాయి. బస్సులో జరిగింది కాలేజీలో జరిగినట్టు కాదని ఎవరైనా అంటే నమ్మకండి. కాలేజీ రవాణా, స్టడీ టూర్, ఇంటర్న్‌షిప్, కల్చరల్ ఫెస్ట్ అన్నీ నిబంధనల దృష్టిలో క్యాంపస్ కిందికే వస్తాయి.

‘గుడ్‌నైట్ సర్’ సంగతి. రాత్రి పదకొండింటికి లెక్చరర్ మెసేజ్ పెడితే, ఆయన చేతిలో తన మార్కులున్న ఆడపిల్ల ఏమని రాస్తుంది? ఇక్కడ చూడాల్సింది ఆ ప్రవర్తన ఆమెకు ఇష్టమా కాదా అన్నదే. మర్యాదకు ఇచ్చిన జవాబు, మౌనం, ఓ స్మైలీ ఇవేవీ ఒప్పుకోలు కావు. అందుకే ఆ జవాబులను దాచిపెట్టొద్దు, డిలీట్ చేయించొద్దు. మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఒక మెయిల్‌కు పంపించండి. స్క్రీన్‌షాట్లలో తేదీ, సమయం, నంబరు కనబడాలి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆపండి, అసలు ఫోనే రుజువు. అటువైపు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి ఆ పని ఈ రాత్రికే కానివ్వండి.

ఫిర్యాదు రాయడంలోనే చాలామంది తడబడతారు. ‘సారు అసభ్యంగా ప్రవర్తిస్తున్నారు, తగు చర్య తీసుకోగలరు’ అని నాలుగు లైన్లు రాసి ఇస్తారు. దాంతో కమిటీ చేయగలిగేది తక్కువ. ఇలా రాయమనండి: ‘ఆగస్టు నెలలో ఫలానా తేదీన మధ్యాహ్నం ల్యాబ్‌లో నేను మూడో బెంచి దగ్గర సర్క్యూట్ కలుపుతున్నాను. సారు వెనక నుంచి వచ్చి నా ఎడమ భుజం మీద చెయ్యి వేసి, రికార్డు సంతకం సంగతి సాయంత్రం మాట్లాడదాం అన్నారు. నేను జరిగి నిలబడ్డాను. పక్క బెంచిలో ఫలానా అమ్మాయి ఉంది.’ ఒక్కో ఘటనకు ఒక పేరా. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే ‘మిడ్ పరీక్షలకు ముందు వారం’ అని రాసినా ఫరవాలేదు, ఊహించి మాత్రం రాయొద్దు. ఇంగ్లిష్‌లో రాయాలని టెన్షన్ పడక్కర్లేదు, తెలుగులో రాయనివ్వండి. రాయలేని స్థితిలో ఉంటే సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. రుజువులు, సాక్షుల పేర్లు జతచేసి ఆరు ప్రతులు ఇవ్వాలి. ఏడోది మీ దగ్గర పెట్టుకుని దాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే కాపీని మెయిల్ చేయండి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి.

అదే కాగితంలో మధ్యంతర ఉపశమనం కూడా అడగాలి. దీన్ని అందరూ మరిచిపోతారు, నా దృష్టిలో మీ అమ్మాయికి ఇదే ముఖ్యం. విచారణ తేలేదాకా ఆయన ఈమె పేపర్లు, ల్యాబ్, ఇంటర్నల్స్ మూల్యాంకనం చేయకుండా ఆపమని కమిటీ సిఫార్సు చేయవచ్చు. సెక్షన్ మార్చమని, ఆయన్ను దూరంగా ఉండమని చెప్పమని అడగవచ్చు. అవసరమైతే మూడు నెలల దాకా సెలవు కూడా ఇప్పించవచ్చు. మార్కులు వేరే చేతికి వెళ్లాక పర్సెంటేజీ భయం సగం తగ్గుతుంది. ప్లేస్‌మెంట్‌కు కంపెనీలు చూసేది ఆ పర్సెంటేజీ, బ్యాక్‌లాగ్‌లే తప్ప ఐసీసీ ఫైళ్లు కాదు. అయినా కావాలని పేరు తీసేస్తే దాన్ని ప్రతీకార చర్య అంటారు, అది మళ్లీ విడి ఫిర్యాదు అవుతుంది. ఆ రక్షణ సాక్షిగా నిలబడ్డ స్నేహితురాలికి కూడా ఉంది. ఈ మాట ఆ పిల్ల తల్లిదండ్రులకు మీరే చెప్పండి.

పేరు బయటికొస్తుందన్న భయం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఏడు రోజుల్లో ఫిర్యాదు కాపీ ఆయనకు వెళ్తుంది, ఆయన పది రోజుల్లో జవాబివ్వాలి. అంటే ఎవరు పెట్టారో ఆయనకు తెలుస్తుంది. బయటికి మాత్రం ఎవరి పేరూ పొక్కకూడదని చట్టమే చెబుతోంది. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆ పై పది రోజుల్లో నివేదిక, నివేదిక అందిన 30 రోజుల్లో కాలేజీ చర్య. ఇద్దరి తరఫునా లాయర్లు కమిటీ ముందు వాదించడానికి వీల్లేదు. రాజీ మాట అమ్మాయి అడిగితేనే రావాలి, అందులో డబ్బు లావాదేవీ ఉండకూడదు. ‘పెద్దమనుషుల్లో కూర్చోబెడదాం’ అని ఎవరైనా ఇంటికొస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపించేయండి. నిరూపించలేకపోతే తప్పుడు కేసంటారేమో అన్నది ఇంకో భయం. రుజువు చాలకపోవడం ఒక్కటే శిక్షకు కారణం కాదు. కక్షతో, అబద్ధమని తెలిసే పెట్టినట్టు విడిగా విచారించి తేల్చాలి.

ప్లేస్‌మెంట్ ఆఫీసు సంగతి వేధింపు కాదు, అది వివక్ష. ఆ రెంటినీ ఒకే కాగితంలో కలపకండి. యూజీసీ 2012 సమానత్వ నిబంధనలు కులం, మతం, భాష, లింగం, వైకల్యం ఆధారంగా వివక్షను నిషేధించాయి. వివక్ష నిరోధక అధికారిని పెట్టమన్నాయి. నైట్ షిఫ్ట్ అన్న షరతు కంపెనీ పెట్టిందా, ఆఫీసువాళ్లే అనుకున్నారా అని ముందు మెయిల్‌లో అడగమనండి. నాకు తెలిసినంతలో చాలాసార్లు అది మనవాళ్ల ‘ఆడపిల్లలు ఎలాగూ వెళ్లరు’ అనే లెక్కే. క్లాసులో ఉన్న అమ్మాయిలంతా కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది.

పోలీసుల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం. ఐసీసీకీ పోలీసు కేసుకూ పోటీ లేదు, రెండూ ఒకేసారి నడవొచ్చు. భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపు సెక్షన్ 75 కిందికి, వద్దన్నా వెంటపడడం, మెసేజ్‌లతో వేధించడం సెక్షన్ 78 కిందికి వస్తాయి. మీ మండలం స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, కాలేజీ ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు. ఆయన మళ్లీ బస్సులో వెనకే కూర్చుంటే 112కు ఫోన్ చేయమనండి. వేసవిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా, అక్కడా ఇదే రక్షణ. పదిమంది కూడా లేని చిన్న ఆఫీసో ఆక్వా ల్యాబో అయితే అక్కడ ఐసీసీ ఉండదు. అలాంటి చోట జిల్లాకు ఒకటి చొప్పున ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. అమలాపురం కలెక్టరేట్‌లో అడిగితే దారి చెబుతారు.

కాలేజీ మార్చడం గురించి మీవారికి నా మాటగా చెప్పండి. ఇప్పుడు మారిస్తే సీటు ఖాళీ, సిలబస్ తేడా, ఎన్‌వోసీలు (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రాలు), ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటే దాని తంటా. మూడో సంవత్సరంలో ఇన్నీ పిల్ల నెత్తి మీద పడతాయి. ఏటిగట్టుకు బుంగ పడితే ముందు దాన్ని పూడుస్తామే గానీ ఊరు ఖాళీ చేసి పోము కదా. ఫిర్యాదు మీద కదలిక లేకపోతే, మధ్యంతర ఉపశమనం ఇవ్వకపోతే అప్పుడు మారడం గురించి ఆలోచిద్దాం. అప్పుడు కూడా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వం అని బెదిరిస్తే జంకకండి. వాటిని కాలేజీ అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. సంబంధాల మాట మీ ఆడపడుచుకు మీరే చెప్పుకోగలరు. నా సలహా అయితే, ఆ సంభాషణ అమ్మాయి వినేలా మాత్రం జరగనివ్వకండి. తప్పు చేసినదాన్ననుకుంటే రేపు కమిటీ ముందు నోరు పెగలదు.

కాగితం ఇచ్చే రోజు మీరు తోడు వెళ్లండి, రాసింది మాత్రం ఆమే ఇవ్వాలి. రాయడంలో తికమకగా ఉంటే 15100కు ఫోన్ చేయండి. అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరు సాయం ఉచితంగా దొరుకుతుంది.