పాడుబడ్డ మానసిక చికిత్సాలయంలో కెమెరా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మూతపడి చాలా ఏళ్లయిన ఒక మానసిక చికిత్సాలయం లోపల ఫోటోలు తీయాలనుంది. యజమానికి ఉత్తరం రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఎలా అడగాలి?

జవాబు: లోపల మీకేమైనా అయితే ఆ బాధ్యత తన మెడకు చుట్టుకుంటుందేమోనన్నదే చాలామంది యజమానుల భయం. మీ ఉత్తరం ముందు ఆ భయాన్ని తీర్చాలి. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎంతమంది, ఏయే అంతస్తులు అన్నది స్పష్టంగా రాయండి. నిచ్చెనలు వాడమనీ, ఏ వస్తువూ కదపమనీ, బీమా ఉందనీ, బాధ్యత మాదేనని రాసి ఇస్తామనీ చెప్పండి. ఫోటోలు ఎక్కడ వేస్తారో కూడా దాచకండి. ఇదంతా ఒక్క పేజీ దాటకూడదు. ఒప్పుకున్నాక ఆ భవనం ప్లాను, ఆస్బెస్టాస్ (పాత కట్టడాల్లో వాడిన, పీలిస్తే ప్రమాదకరమైన నార పదార్థం) సర్వే నివేదిక ఉంటే అడిగి తీసుకోండి.

ఒప్పుకోకపోతే గోడ దూకే ఆలోచన పెట్టుకోవద్దు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లగల పాత చికిత్సాలయాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, వెస్టన్ ఊళ్లోని ట్రాన్స్ అలెగెనీ భవనం అలాంటిది. 1864లో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టి 1994లో మూతపడింది.

ప్రశ్న: చెక్క నేల మీద గోడ వారగా నడిస్తే ప్రమాదం ఉండదంటారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. గోడలోకి దిగిన చోట దూలానికి ఆధారం ఉంటుంది కాబట్టి ఆ మాట పుట్టింది. కానీ తడి పీల్చుకున్న బయటి గోడలో అన్నిటికంటే ముందు కుళ్లేది ఆ దూలపు కొసే. పైకి పలకలు గట్టిగా కనిపిస్తాయి, కింద పట్టు ఉండదు. అందుకే బయటి గోడను వదిలి, కారిడార్ వైపున్న లోపలి గోడను నమ్ముకోండి. పలకల మీద మేకుల తలలు వరసగా ఎక్కడుంటే దాని కిందే దూలం ఉంటుంది. ఆ వరస మీదే అడుగు వేయండి.

నేల మీద లినోలియం షీటు పరిచిన గదులు మరీ మోసకారివి. కింద చెక్క పొడిపొడి అయిపోయినా ఆ పొర చర్మంలా బిగుసుకుని చదునుగానే కనిపిస్తుంది. కర్రతో తట్టి చూసి, శబ్దం బోలుగా వచ్చినా, మెత్తగా దిగినా వెనక్కి రండి. పైకప్పు చిల్లు కింద, స్నానాల గదుల చుట్టూ, నాచు పట్టిన చోట అడుగు పెట్టకండి. నాచు పెరిగిందంటే అక్కడ తడి చాలాకాలంగా ఆరలేదని అర్థం. కాంక్రీటు కప్పుకైతే తుప్పు చారలు, పెచ్చులూడి బయటపడ్డ ఇనుప కడ్డీలు ప్రమాదానికి గుర్తులు.

ఇలాంటి చాలా ప్రాంగణాల్లో భవనాలను కలుపుతూ ఆవిరి గొట్టాల సొరంగాలుంటాయి. వాటిలోకి దిగకండి. మూసి ఉన్న చోట తుప్పు పట్టే ఇనుము, కుళ్లే చెత్త గాలిలోని ప్రాణవాయువును తినేస్తాయి. మాస్కు గాలిని వడకడుతుందే తప్ప లేని ప్రాణవాయువును ఇవ్వలేదు.

ప్రశ్న: ఫ్లాష్ వేసి తీసిన ఫోటోల్లో తెల్లని గుండ్రటి మచ్చలు తేలుతున్నాయి. అవి ఆత్మలని స్నేహితులు అంటున్నారు.

జవాబు: అవి ధూళి కణాలు. లెన్స్‌కు అతి దగ్గరగా తేలుతున్న కణం మీద ఫ్లాష్ వెలుగు పడి, ఫోకస్ దాటి ఉబ్బి, వృత్తంలా కనిపిస్తుంది. ఫ్లాష్ లెన్స్‌కు ఎంత దగ్గరగా ఉంటే మచ్చలు అంత ఎక్కువ. దాన్ని కెమెరా నుంచి విడదీసి చెయ్యి చాచినంత దూరం పక్కకు పట్టుకుంటే చాలావరకు పోతాయి.

అయితే ఆ మచ్చలు చెప్పే సంగతి ఇంకొకటుంది. మీరు పీలుస్తున్నది ఆ ధూళినే. పాత గొట్టాల చుట్టూ చుట్టిన తెల్లని పూతలోనూ, తొమ్మిది అంగుళాల చదరపు నేల పలకల్లోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. దానివల్ల వచ్చే జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. పెచ్చులూడే రంగులో సీసం ఉండొచ్చు, ఎండిన పావురాల రెట్టలో ఊపిరితిత్తులకు సోకే శిలీంధ్రాలుండొచ్చు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు వీటిని ఆపలేవు. పీ100 లేదా పీ3 రకం ఫిల్టర్లున్న, ముక్కూ నోరూ కప్పే రబ్బరు అర మాస్కు కావాలి. గడ్డం ఉంటే అది ముఖానికి అతుక్కోదు, గీసుకుని వెళ్లండి. అసలు ఆస్బెస్టాస్ చిరిగి వేలాడుతున్న గది కనిపిస్తే, మాస్కు ఉంది కదా అని లోపలికి వెళ్లకండి.

ప్రశ్న: కారిడార్ ఫోటోలో కిటికీ తెల్లగా మాడిపోతోంది, లేదంటే గోడలు నల్లబడుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఆ వెలుగు అక్కడికి యాదృచ్ఛికంగా వచ్చింది కాదు. థామస్ స్టోరీ కర్క్‌బ్రైడ్ అనే అమెరికన్ వైద్యుడు 1854లో ప్రచురించిన పుస్తకంతో ప్రసిద్ధమైన నమూనాలో, భవనపు ఒక్కో రెక్క ముందుదాని కంటే వెనక్కి జరిగి ఉంటుంది. ప్రతి వార్డుకూ గాలీ ఎండా అందాలని ఆయన పట్టుదల. అందుకే అలాంటి కారిడార్లకు కొసన కూడా కిటికీలుంటాయి. మీ కెమెరా చూస్తున్నది తిన్నగా వాటివైపే.

కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్8 దగ్గర ఉంచి, షట్టర్ మాత్రమే మార్చుతూ ఐదు ఫోటోలు తీయండి: సెకనులో ఎనిమిదో వంతు, అర సెకను, 2 సెకన్లు, 8, 30. ఒక్కోటి రెండు స్టాపుల తేడా, అంటే ముందుదానికి సుమారు నాలుగింతల వెలుగు. మొదటిదాంట్లో కిటికీ బయటి చెట్టు కనిపించాలి, చివరిదాంట్లో మూలల్లో వివరం రావాలి. రా (RAW) ఫైళ్లుగా తీసి తర్వాత కంప్యూటర్‌లో కలపండి. కలిపాక మూలలు చీకటిగానే ఉండనివ్వండి. ప్రతి నీడనూ తవ్వి వెలుగులోకి లాగితే ఆ గది గదిలా ఉండదు.

ఎక్కువగా తప్పు జరిగేది మాత్రం కాళ్ల దగ్గరే. చెక్క నేల మీద మీరు బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మార్చినా పలక కదిలి ట్రైపాడ్ ఊగుతుంది, ఐదు ఫోటోలూ ఒకదానితో ఒకటి కలవవు. రెండు సెకన్ల టైమర్ పెట్టి కదలకుండా నిలబడండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే 30 సెకన్ల ఫోటోకు నిమిషం పడుతుంది. ఫోకస్ సంగతికొస్తే, ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 20 ఎంఎం లెన్స్‌తో ఎఫ్8 దగ్గర సుమారు రెండు మీటర్ల దూరంలోని వస్తువు మీద నిలిపితే, మీటరు నుంచి కారిడార్ కొస దాకా స్పష్టంగా వస్తుంది. చీకట్లో టార్చి వేసి ఫోకస్ కుదిరాక మాన్యువల్‌కు మార్చేయండి. వీలుంటే మబ్బు పట్టిన రోజు ఎంచుకోండి, సగం కష్టం తగ్గుతుంది.

ప్రశ్న: గోడ మీద రోగులు గీసిన రాతలు కంటికి కనిపిస్తున్నా ఫోటోలో రావడం లేదు.

జవాబు: గోడకు ఎదురుగా నిలబడి వేసే వెలుగు గీతలను చంపేస్తుంది. టార్చిని గోడకు దాదాపు ఆనించి, పది పదిహేను డిగ్రీల వాలులో ఒక పక్క నుంచి వేయండి. ప్రతి గీతకూ నీడ పుడుతుంది. ఎడమ నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి, ఎందుకంటే వెలుగు వచ్చే దిశలోనే సాగే గీత నీడ వేయదు. ముట్టుకోకండి, సుద్దతో దిద్దకండి. ఇటలీలోని వోల్టెర్రా చికిత్సాలయంలో ఒరెస్టే ఫెర్నాండో నన్నెట్టి అనే రోగి తన వెయిస్ట్‌కోటు బకిల్‌తో ప్రాంగణం గోడ పొడవునా చెక్కిన రాత పెచ్చులూడి చాలావరకు పోయింది. మీరు చూస్తున్న రాత కూడా వచ్చే వానాకాలం దాకా ఉండకపోవచ్చు. స్కేలు పక్కన పెట్టి ఒక ఫోటో తప్పకుండా తీయండి.

ప్రశ్న: ఒక గదిలో రోగుల ఫైళ్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఫోటో తీయొచ్చా?

జవాబు: పేరు, ముఖం, జబ్బు వివరం చదవడానికి వీలయ్యేలా వద్దు. ఆ మనుషుల పిల్లలు, మనవలు ఇంకా ఉంటారు. యజమానికీ, ఆ ప్రాంతపు రికార్డుల భాండాగారానికీ వెంటనే తెలియజేయండి. న్యూయార్క్ రాష్ట్రంలోని విల్లార్డ్ చికిత్సాలయం 1995లో మూతపడినప్పుడు అటక మీద దొరికిన 400కు పైగా రోగుల పెట్టెలను పారేయకుండా రాష్ట్ర మ్యూజియం భద్రపరిచింది కాబట్టే వాటిలోని బతుకులు ఈనాడు మనకు తెలుస్తున్నాయి.

చక్రాల కుర్చీని కిటికీ కింద నిలబెట్టడం, మంచం మీద పడుకుని ఫోటో దిగడం కూడా వద్దనే మా మాట. కుర్చీ చక్రాల చుట్టూ ధూళి చెదిరి ఉంటే మీకు ముందొచ్చిన వాళ్లెవరో దాన్ని అక్కడ పెట్టారని తెలుసుకోండి. అది ఆసుపత్రి వదిలిన గుర్తు కాదు. ఫోటో కింద ‘పిచ్చాసుపత్రి’, ‘దెయ్యాల కొంప’ అని రాయకండి, అక్కడ ఉన్నది మనుషులు.

ప్రశ్న: బయటికి వచ్చాక సామాను ఎలా శుభ్రం చేయాలి?

జవాబు: గాలి ఊది కాదు, ఊదితే ధూళి మళ్లీ లేస్తుంది. బయటే నిలబడి, మాస్కు తీయకముందే, తడిగుడ్డతో ముందు ట్రైపాడ్ కాళ్లు, తర్వాత సంచి, చివర కెమెరా తుడవండి. గుడ్డను కవర్లో కట్టేయండి. లోపల లెన్స్ మార్చకుండా ఉంటే సెన్సర్ జోలికి పోనక్కర్లేదు. బట్టలు, బూట్లు వేరే సంచిలో మూటకట్టి తెచ్చి విడిగా ఉతకండి. మాస్కు ఆఖరున తీసి, చేతులూ ముఖమూ కడుక్కున్నాకే నీళ్లు తాగండి.