గోరుచుట్టు అనుకుంటే క్యాన్సర్ అన్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. ముప్ఫై ఏళ్లు చుట్ట కాల్చి, అయిదేళ్ల కిందట మానేశారు. కుడిచేతి చూపుడువేలి కొస వాచి, ఎర్రబడి, రాత్రుళ్లు నిద్ర పట్టనంతగా సలుపుతుంటే గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడిగాం. రెండుసార్లు యాంటీబయాటిక్ వాడినా తగ్గలేదు. ఎక్స్‌రేలో వేలి చివరి ఎముక తిన్నట్టు కనిపించింది. బయాప్సీ చేసి, ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సర్ వేలికి పాకిందన్నారు. ఆయనకు దగ్గు గాని, ఆయాసం గాని లేవు. ఇది నమ్మదగ్గదేనా? వేలు తీసేస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నమ్మదగ్గదే. ఊపిరితిత్తుల క్యాన్సర్ సాధారణంగా మెదడుకు, కాలేయానికి, అడ్రినల్ గ్రంథులకు, వెన్నెముక, తుంటి వంటి ఎముకలకు పాకుతుంది. చేతి ఎముకలకు పాకడం చాలా అరుదు. ఎముకలకు వ్యాపించిన క్యాన్సర్లన్నిటిలో ఇలాంటివి వెయ్యింటికి ఒకటి ఉంటాయేమో. అయితే అలా చేతికి చేరినవాటిలో ఊపిరితిత్తుల నుంచి వచ్చినవే ఎక్కువ, అవి తరచుగా కనిపించేది కూడా వేలి కొస ఎముకలోనే.

దీనికి కారణం రక్తం నడిచే దారిలో ఉంది. మిగతా అవయవాల నుంచి బయలుదేరిన క్యాన్సర్ కణాలు గుండె కుడివైపుకు చేరి, ఊపిరితిత్తుల్లోని సన్నని కేశనాళికల జల్లెడ దాటితే తప్ప ఒంట్లోకి పోలేవు. ఊపిరితిత్తుల్లోనే పుట్టిన కణాలకు ఆ జల్లెడ అడ్డురాదు కనుక, అవి నేరుగా గుండె ఎడమవైపుకు, అక్కడి నుంచి బృహద్ధమనిలోకి వెళ్లి ఎక్కడికైనా కొట్టుకుపోగలవు. వెళ్లిన ప్రతిచోటా మొలవలేవన్నది వేరే సంగతి. విత్తనానికి తగిన నేల కావాలని స్టీఫెన్ పాజెట్ అనే ఆంగ్ల సర్జన్ 1889లోనే రాశాడు. రక్తం తయారుచేసే ఎర్ర మజ్జ దాదాపు లేని వేలి ఎముక అలాంటి నేల కాదు, అందుకే ఇది అరుదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇలాగే తల మీది చర్మంలో గట్టి బుడిపెగా, పన్ను పీకించుకున్నచోట మానని చిగురు గడ్డగా, చిన్నపేగుకు చిల్లుపడి హఠాత్తుగా వచ్చే కడుపునొప్పిగా బయటపడిన సందర్భాలూ ఉన్నాయి.

మొదట గోరుచుట్టు అనుకోవడంలో మీ తప్పు లేదు, వైద్యులూ అలాగే అనుకుంటారు. అయితే మందులు వాడినా రెండు మూడు వారాల్లో తగ్గని వేలివాపుకు, ముఖ్యంగా పొగ తాగిన మనిషికి, ఎక్స్‌రే తీయించాల్సిందే.

వేలు తీసేస్తే సరిపోదు. రక్తం ద్వారా దూరానికి పాకింది కనుక దీన్ని నాలుగో దశగానే లెక్కిస్తారు. వైద్యం ఒళ్లంతటికీ జరగాలి. సలుపు తగ్గడానికి వేలికి కొద్ది విడతల రేడియేషన్ ఇస్తారు, దానికీ లొంగకపోతేనే కొస తీసేసే ఆలోచన చేస్తారు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యుమార్పుల పరీక్షలు తప్పక అడగండి, ఎందుకంటే అవి ఉన్నవారికి కీమోకు బదులు మాత్రలతోనే వైద్యం మొదలుపెట్టవచ్చు. ఇక్కడొక చిక్కుంది: బయాప్సీకి తీసిన ఎముక ముక్కను పలచగా కోయడానికి వీలుగా ఆమ్లంలో నానబెడితే అందులోని డీఎన్‌ఏ పాడవవచ్చు, అప్పుడు ఊపిరితిత్తి నుంచి మరో ముక్కో, రక్తపరీక్షో అవసరమవుతుంది. క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడుందో చూసే పెట్ స్కాన్‌కు వెళ్లినప్పుడు వేలి సంగతి ముందే చెప్పండి. మామూలుగా ఆ స్కాన్ పుర్రె అడుగు నుంచి తొడల మధ్య వరకే తీస్తారు, వేళ్లు అందులో పడకపోవచ్చు. మెదడుకు ఎమ్మారై విడిగా చేయించాలి.

ప్రశ్న: ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మందులు వాడుతున్న మా అమ్మకు పది రోజులుగా ఎడమకన్ను మసకేసింది. శుక్లమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: శుక్లం సాధారణంగా పది రోజుల్లో అంత ముదరదు. రెటీనా వెనకనున్న పొరకు కూడా ఈ క్యాన్సర్ పాకగలదు. ఈ వారంలోనే కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయించి, రెటీనా నిపుణులచేత చూపించండి. మెదడు ఎమ్మారై గురించి క్యాన్సర్ వైద్యుణ్ని అదే రోజు అడగండి.